రీసెట్ కొట్టండి, తర్వాత డిస్క్ సంగతి చూడండి

ప్రసాద్ గారూ, మీరు చెప్పింది చూస్తే, బ్రాడీపేటలో కొన్న ఆ పాత లాప్‌టాప్‌లో ముందు ఓనర్ పేరు, ఫోటోలు అలాగే ఉన్నాయి, ఆన్ అవడానికి ఐదారు నిమిషాలు పడుతోంది, దాని మీదే అమ్మగారికి నేర్పించాలి, అంతేగా? టెన్షన్ వద్దు. ఆ ఫైళ్లు ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తూ కూర్చోకండి. సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ పెట్టి, అన్నీ తీసేయమనే ఆప్షన్ ఎంచుకోండి, డ్రైవ్ కూడా క్లీన్ చేయమంటే గంటలు పట్టొచ్చు, కాబట్టి ఛార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు పోయే టైమ్‌లో మాత్రం మొదలుపెట్టొద్దు.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (లోపల తిరిగే పాతరకం హార్డ్ డిస్క్) అని ఉంటే అసలు దొంగ అదే, దాని బదులు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. నా పాతదానికి అదే చేశాను, మళ్లీ కొత్తది కొనాలనిపించలేదు. పనిలో పనిగా ఫ్యాన్‌లో దుమ్ము కూడా తీయించండి, మన గుంటూరు ఎండలకి అది తీయించకపోతే లాప్‌టాప్ వేడెక్కి ఇంకా మొరాయిస్తుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ లాప్‌టాప్ విండోస్ 11 తీసుకోకపోతే, విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి, ఉచితమే.

అమ్మగారికి మాత్రం మొదటి రోజే ఈమెయిలు, ఎక్సెల్ అనకండి. తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులో వచ్చేది) పెట్టి ఆవిడ పేరు ఆవిడతోనే టైప్ చేయించండి, మౌస్ ఆవిడ చేతిలోంచి లాక్కోకుండా.