సందేహం: "సర్వర్లకు ప్రవేశం" అంటే ఎవరు ఎక్కడికి పోతారు?

సందేహం: మాదాపూర్‌లో పనిచేస్తానండి. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళ కోసం తెలుగులో ఒక నోట్ రాశాను. "ఏకాకి సర్వర్లకు ఎస్‌3 వంటి సర్వీసులకు ప్రైవేటు ప్రవేశం కల్పించాలి, అందుకు అంత్య బిందువు వాడాలి" అని. ఎస్‌3 అంటే అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్ళు దాచే సర్వీసు, అంత్య బిందువు అన్నది ఎండ్‌పాయింట్‌కి నేను పెట్టిన తెలుగు, అంటే ఇంటర్నెట్‌లోకి పోకుండా ఆ సర్వీసుని చేరుకునే దారి. ఒకబ్బాయి అది చదివి మనుషులు సర్వర్‌లోకి పోవడానికి దారి తెరవమన్నారనుకుని దానికి పబ్లిక్ ఐపీ, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి చేరగలిగే అడ్రస్, తగిలించేశాడు, సాయంత్రం ఎవరో చూసి తీసేశారు. తప్పు వాడిదా, నా తెలుగుదా?

సమాధానం: మీ వాక్యానిదేనండి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే అందులో ఉన్న "కు"ది. ఆ అబ్బాయిని ఏమీ అనకండి.

సిటీ బస్సులో కండక్టర్ మాటలు ఒకసారి వినండి. "సికింద్రాబాద్‌కి ఎవరమ్మా టికెట్" అంటాడు, రెండడుగులు ముందుకేసి "పెద్దాయనకి సీటియ్యి బాబూ" అంటాడు. రెండుచోట్లా అదే "కి", కానీ మొదటిది చేరే చోటు, రెండోది పుచ్చుకునే మనిషి. ఎవరూ తికమక పడరు, ఎందుకంటే సికింద్రాబాద్ వచ్చి సీట్లో కూర్చోదు. ప్రాణం ఉందా లేదా అన్నదొక్కటే కాదు సుమా, అంబులెన్స్‌కి దారివ్వండి అంటే అంబులెన్స్ పోతుంది, ఆస్పత్రికి దారేది అంటే మనం పోతాం, అంటే ఇది కదిలేదా ఒకచోట ఉండేదా అని చూసుకుని మన చెవి అర్థం తేల్చుకుంటుందన్నమాట. సర్వరేమో ఎక్కడో డేటా సెంటర్ ర్యాక్‌లో పడి ఉండేది. అందుకే "సర్వర్లకు ప్రవేశం" అనగానే ఎవరో అందులోకి దూరుతున్నట్టే వినపడుతుంది. పైగా ఆ వెంటనే "సర్వీసులకు" అని ఇంకో కు పెట్టారు, ఇక ఏ కు ఎవరిదో మీకు తప్ప ఎవరికీ తెలీదు.

మామూలుగా అయితే నవ్వుకుని వదిలేసే తప్పే గానీ ఇక్కడ దిక్కు తారుమారైతే తలుపు బార్లా తెరుచుకుంటుంది. మా అమ్మాయి ఈ పనిలోనే ఉంది, రాసేముందు ఫోన్ చేసి అడిగా. ప్రైవేట్ సబ్‌నెట్‌లో, అంటే ఇంటర్నెట్‌కి నేరుగా దారి లేని లోపలి నెట్‌వర్క్ ముక్కలో, మిషన్‌కి పబ్లిక్ ఐపీ ఉండదు, అలాంటి మిషన్లని బయటి నెట్‌కి పంపే నాట్ గేట్‌వే కూడా పెట్టలేదనుకోండి, అయినా అది ఎస్‌3లోంచి ఫైల్ తెచ్చుకోవాలి. ఏడబ్ల్యూఎస్‌లో, అదే అమెజాన్ క్లౌడ్‌లో అయితే ఎస్‌3కి, డైనమోడీబీ అనే డేటాబేస్‌కి గేట్‌వే ఎండ్‌పాయింట్ ఉందట, అది రూట్ టేబుల్‌లో, అంటే ఏ ట్రాఫిక్ ఎటు పోవాలో రాసుండే పట్టికలో, ఒక లైన్ చేరుస్తుంది అంతే, దానికి విడిగా చార్జీ కూడా లేదు. మిగతా చాలా సర్వీసులకి ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్, 2017లో వచ్చిన ప్రైవేట్‌లింక్ అనే ఏడబ్ల్యూఎస్ సౌకర్యం తాలూకుది, ఇది మీ సబ్‌నెట్‌లోనే ఒక ప్రైవేట్ ఐపీ పెట్టుకుని కూర్చుంటుంది, గంటకింత జీబీకింత అని బిల్లు వేస్తారు. ఏదైనా సరే పిలుపు మీ మిషన్ వైపు నుంచే మొదలవ్వాలి, అవతలి సర్వీసు తనంతట తాను వచ్చి తలుపు తట్టదు. మీ వాక్యంలో పోయింది సరిగ్గా ఈ ముక్కే.

కాబట్టి సర్వర్‌ని కర్త చేసేయండి: "పబ్లిక్ ఐపీ లేని సర్వర్లు ఇంటర్నెట్‌లోకి పోకుండానే ఎస్‌3ని చేరుకునేలా ఎండ్‌పాయింట్ పెట్టాలి." లేదా నుంచి-కి జోడీ వాడండి, "సర్వర్ల నుంచి ఎస్‌3కి" అని. అమీర్‌పేట్ నుంచి ఎల్బీనగర్‌కి అన్నాక రైలు ఎటు పోతోందని అడిగేవాడుండడు కదా.

మిగతా మాటల సంగతి. "ఏకాకి" అంటే సర్వర్ మీద జాలేస్తుంది, "బయటికి నెట్ లేని" అంటే చాలు. "ప్రైవేటు ప్రవేశం" చదివితే నాకైతే ఇంజనీరింగ్ కాలేజీ అడ్మిషనే గుర్తొచ్చింది, మేనేజ్‌మెంట్ కోటాతో సహా. మనకి ప్రైవేటు అంటే చిన్నప్పుడు ట్యూషన్, పెద్దయ్యాక సర్కారుది కానిది, అందుకని దాన్ని ఐపీ పక్కనో సబ్‌నెట్ పక్కనో ఉంచండి, ప్రవేశం పక్కన వద్దు. దొడ్డిదారి అందామనుకునేరు, అందులో దొంగతనం వాసన ఉంది. "అంత్య బిందువు" అసలొద్దు, అంత్యక్రియలు పక్కనే ఉన్నాయి, పైగా సర్వర్ వైపు నుంచి చూస్తే అది చివర కాదు, గుమ్మం. ఎండ్‌పాయింట్ అనే రాసి, కింద ఒక్కసారి "మన పెరట్లోకి పెట్టిన ఆ సర్వీసు వాళ్ళ గుమ్మం" అని విడమరిస్తే సరిపోతుంది.

ఇంకొకటి, ఇది మా అమ్మాయి చెప్పిన సవరణ. మీ మిషన్లు 2022 నవంబర్‌లో తెరిచిన ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపు) ఉండి, ఎస్‌3లో మీ ఫైళ్ళు పెట్టుకునే బకెట్ ముంబైలో ఉంటే గేట్‌వే ఎండ్‌పాయింట్ పనిచేయదట, కాబట్టి ఉత్త "ఎస్‌3ని" అని కాకుండా "అదే రీజియన్‌లో ఉన్న ఎస్‌3 బకెట్‌ని" అని రాయండి.