దగ్గుతోపాటు చేసే పనేమిటో కూడా రాయించండి

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు. మార్కాపురం దగ్గర పలకరాయి కోసే మిషన్ మీద 18 ఏళ్లుగా పనిచేస్తున్నారు. రెండేళ్లుగా దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. టీబీ అని ఆరు నెలలు మందులు వాడినా తగ్గలేదు. ఆయనతోపాటు పనిచేసిన మా మరిది నిరుడు ఇలాగే దగ్గి దగ్గి చనిపోయాడు. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ 18 ఏళ్ల పని గురించి చదవగానే నాకు సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అనుమానం వచ్చింది. మనలో ఎంతోమంది అక్షరాలు దిద్దిన పలకల రాయి అది. కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని నలుసులే ఊపిరితిత్తుల లోపలికంటా చేరి మచ్చలు కట్టిస్తాయి. ముక్కుకు చుట్టుకునే తువ్వాలు వాటిని ఆపలేదు.

ఎక్స్‌రేలో ఈ మచ్చలు టీబీలా కనిపించవచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పూ ఎక్కువే. అందుకే ఛాతీ డాక్టరుకు చూపించి కళ్లె పరీక్ష, ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి సత్తా చూసే పరీక్ష) చేయించండి. పాత ఎక్స్‌రేలు తీసుకెళ్లండి. ఆ మచ్చల్ని పోగొట్టే మందు లేదమ్మా. చెప్పడానికి కష్టంగా ఉంది కానీ దాచకూడదు. ఆయన్ని ఆ దుమ్ములోకి మళ్లీ పంపకండి, బీడీ అలవాటుంటే మాన్పించండి. కళ్లెలో రక్తం పడినా, ఉన్నట్టుండి ఛాతీనొప్పితో ఆయాసం పెరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఓపీ చీటీ మీద 'పలకరాయి కోత, 18 ఏళ్లు' అని తప్పకుండా రాయించుకోండి. వృత్తి అన్నచోట 'కూలీ' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన కేస్ షీట్లు నేను ఎన్నో చూశాను. నిజానికి ఈ జబ్బు బయటపడితే డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే నిబంధన ఉంది. పని వల్ల వచ్చిందని తేలితే పరిహారం అడిగే హక్కు ఉంటుంది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డుంటే అక్కడా చూపించండి.

పనిలో ప్రాణాలు పోయినవాళ్లను ఏటా ఏప్రిల్ 28న ప్రపంచమంతా తలుచుకుంటుంది. ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలి పోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తుంది. దుమ్ముతో పోయినవాళ్లు టీబీ లెక్కలో కలిసిపోతారు. మీ మరిది ఎక్స్‌రేలు, చీటీలు ఇంట్లో ఉంటే పారేయకండి, అవి కూడా డాక్టరుకు చూపించండి. ఆ మిషన్ల మీద ఇంకా పనిచేస్తున్నవాళ్లకు దగ్గు లేకపోయినా ఒకసారి ఎక్స్‌రే తీయించుకోమని చెప్పండి. రాయిని నీళ్లు పోస్తూ కోయాలని, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కులు ఇవ్వాలని యజమానిని అందరూ కలిసి అడగండి.