బాబు సంగతి – అత్తయ్య ఉత్తరం

అమ్మాయ్,

బాబుకి ఏడీహెచ్‌డీ, అదే ఒక్కచోట కుదురూ ధ్యాసా నిలవని ఇబ్బంది, ఉందేమోనని అనుమానమట. వాణ్ణి హాస్టల్లో వెయ్యనని, ఏడాది సెలవు పెట్టి వాడి దగ్గరే ఉంటానని అన్నావట. మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాకు గర్వంగానూ ఉంది, దడగానూ ఉంది.

ముందు వీధి తలుపుకి వాడికి అందనంత ఎత్తున గొళ్ళెం పెట్టించు. గుణదలలో మీ ఇంటికి ఏలూరు కాలువ ఎంత దూరమని? ఇలాంటి పిల్లలు ఆగి ఆలోచించరు, బంతి దొర్లితే వెనకే పరుగు. మిగతావన్నీ దీని తర్వాతే.

కళ్ళూ చెవులూ పరీక్ష చేయించు. ఏడీహెచ్‌డీ రక్తపరీక్షలోనో స్కానింగులోనో తేలేది కాదు. ఇంట్లో ఎలా ఉంటాడు, బళ్ళో ఎలా ఉంటాడు అని రెండూ అడిగి డాక్టరు తేలుస్తారు, అందుకని టీచరు చేత రాయించుకుని వెళ్ళు. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు రాస్తే బెదిరిపోకు. మానాలన్నా పెంచాలన్నా డాక్టరు చెప్పాకే. అది ఆకలి తగ్గిస్తుంది, టిఫిన్ తినిపించాకే మాత్ర వెయ్యి. రాత్రి పొద్దుపోయాక ఆకలంటే విసుక్కోకుండా అన్నం పెట్టు.

ఇది చాలామట్టుకు వంశంలో వచ్చేదే. మీ నాన్నకి అప్పట్లో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు గానీ, కళ్ళారా చూసినదాన్ని నేను. బ్రాడీపేట ఇంట్లో లెక్క సగంలో వదిలేసి లేస్తే మీ తాతయ్య గోడకుర్చీ వేయించేవారు. కాళ్ళు వణుకుతుంటే ఇంక లెక్కెక్కడ? అదే మీ నానమ్మ రుబ్బుతుంటే పక్కన కూర్చుని పిండి తోస్తూ పదిహేడో ఎక్కం గడగడా అప్పజెప్పేవాడు. చెయ్యి కదులుతుంటేనే వాడికి బుర్ర నిలిచేది. రోజూ చూస్తూ కూడా "మనసు పెడితే రాదా, పొగరు కాకపోతే" అనేవారు తాతయ్య. ఓ పెళ్ళిలో, భోజనాల పంక్తిలో అందరూ వింటుండగా వాడి మార్కులు చెప్పి మొద్దు అన్నారు. తలెత్తకుండా విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవర్నీ ఒక్క సందేహం అడిగి ఎరగడు. ఇప్పటికీ బ్యాంకులో ఫారం నింపాలంటే చెమటలు పట్టి నాకు ఫోన్ చేస్తాడు, నీకు చెప్పడు.

బాబుని నిలబడి చదవనీ, తిరుగుతూ చదవనీ. "స్నానం చెయ్యి, బట్టలేసుకో, సంచీ సర్దుకో" అని వంటింట్లోంచి అరిస్తే వాడికి ఒక్కటీ ఎక్కదు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసి ఒక్కటే చెప్పు, అది అయ్యాక రెండోది. మెచ్చుకునేదేదో అప్పటికప్పుడే మెచ్చుకో. ఆదివారం బొమ్మ కొంటానంటే వాడికి అది వచ్చే ఏడాదితో సమానం.

ఓ రోజు నువ్వూ అరుస్తావులే. అరిచి, ఆనక నువ్వు పస్తు పడుకోకు, నీ అలకలు నాకు తెలీనివా? వేసవిలో ఇద్దరూ గుంటూరు రండి, మోకాళ్ళు ఒప్పుకున్నంత మేర వాడి వెనక నేను తిరుగుతాను, నువ్వు నిద్రపో.

ఈ ఉత్తరం మీ ఆయనకీ చదివి వినిపించు. గోడకుర్చీ మాట మొన్న ఆయన నోటా వచ్చిందట, మీ అమ్మ చెప్పింది.

మీ అత్తయ్య