తేలు, జెర్రి, పట్టుపురుగు: కాళ్లు లెక్కపెట్టే ముందు తల చూడండి

మీ అబ్బాయి అడిగినవి మూడు సందేహాలు. తేలు కీటకమేనా? జెర్రికీ తేలుకీ చుట్టరికం ఏమిటి? కీటకానికి ఆరు కాళ్లని పుస్తకం చెబుతుంటే పదహారు కాళ్లతో పాకే పట్టుపురుగు కీటకం ఎలా అయింది? తేలు కీటకం కాదు, జెర్రి కూడా కాదు. పట్టుపురుగు మాత్రం నూటికి నూరుపాళ్లు కీటకమే. మూడూ ఆర్థ్రోపొడా అనే పెద్ద వర్గానికి, అంటే కీళ్ల కాళ్ల జీవుల వర్గానికి చెందినవి. అబ్బాయికి ఈ తికమక కలగడంలో వింతేమీ లేదు. 1758లో, జీవుల వర్గీకరణకు పునాది వేసిన లిన్నేయస్ అంతటివాడే తేలును, సాలీడును, పీతను, జెర్రిని కీటకాలతో ఒకే గాటన కట్టాడు. ఆర్థ్రోపొడా అనే పేరును జర్మన్ శాస్త్రవేత్త సీబోల్డ్ 1848లో వాడుకలోకి తెచ్చాడు.

నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం, చేనిగట్ల రాళ్లు కదిలిస్తే తేళ్లు కనిపించేవి. ఏళ్ల తరబడి చూసినదాన్నిబట్టి పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ముందు తల దగ్గర ఏముందో చూడండి, కాళ్ల లెక్క తరువాత.

ఎందుకంటే ఆర్థ్రోపొడ్ దేహమంటే వరుసగా పేర్చిన ఖండితాలు, అంటే ముక్కలు. ఒక్కో ఖండితానికి ఒక జత కీళ్ల కాళ్లుండటం వీటి పాత పద్ధతి. ఆ కాళ్లలో ముందు జతలను ఒక్కో శాఖ ఒక్కో పనికి మలచుకుంది. వర్గీకరణలో సగం మర్మం ఇక్కడే ఉంది.

తేలునే తీసుకోండి. దానికి తల మీద మీసాలు (యాంటెనాలు) లేవు. నోటికి ముందు కెలిసెరాలనే చిన్న పటకార్ల జత ఉంటుంది. మనం భయపడే పెద్ద డెక్కలు ఆ తరువాతి జత, వాటిని పెడిపాల్పులు అంటారు. ఆ తరువాతే నాలుగు జతల నడిచే కాళ్లు. అందుకే తేలు, సాలీడు, పశువులను పట్టే పిడుదు అన్నీ కెలిసెరేటా అనే శాఖలో చేరాయి. మనం తోక అనుకునేది నిజానికి తోక కాదు, పొట్ట చివరి భాగం. అందులో ఐదు ఖండితాలుంటాయి, పేగు కూడా వాటి గుండా సాగి కొండికి కాస్త ముందే బయటికి తెరుచుకుంటుంది. ఈ మాట చెప్పగానే తరగతిలో వెనక బెంచీవాళ్లు కూడా తల ఎత్తుతారు!

జెర్రి సంగతి మరీ విచిత్రం. దాని విషపు కోరలు నోటి భాగాలు కావు, తల వెనక మొదటి ఖండితపు కాళ్లు. అంటే జెర్రి కాళ్లతో కరుస్తుంది. తల మీద ఒక జత మీసాలు, ఆ తరువాత ఖండితానికి ఒక జత కాళ్లు. రోకలిబండ అనే పురుగుకు చాలా ఖండితాల్లో రెండేసి జతలుంటాయి, విషపు కోరలుండవు, కుళ్లిన ఆకులు తిని బతుకుతుంది. ఈ రెండూ మిరియాపొడా అనే శాఖవి. పీత, రొయ్యల శాఖ క్రస్టేషియా, వాటికి మీసాలు రెండు జతలు. కీటకాలు క్రస్టేషియా వంశం నుంచే వచ్చాయని జన్యు పరిశోధనలు తేల్చాయి. అంటే తేలుకంటే రొయ్యే పట్టుపురుగుకు దగ్గరి చుట్టం.

కాళ్ల లెక్క ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. తొలకరికి ఎర్రమట్టి చేలల్లో కనిపించే ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు, అది సాలీడు బంధువు. కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరే కాళ్లు. రోకలిబండ పిల్లల్లోనూ చాలావాటికి మొదట మూడు జతలే ఉంటాయి.

ఇప్పుడు పట్టుపురుగు. ఎదిగిన పురుగును భూతద్దం కింద పెట్టండి. తల వెనక మూడు జతల కాళ్లు సన్నగా, గట్టిగా, కీళ్లతో, కొసన గోరుతో ఉంటాయి. అసలు కాళ్లు అవే. వెనకున్న ఐదు జతలు మెత్తటి కండ ముద్దలు, వాటిలో కీళ్లుండవు. అడుగున వంకీల వరుస ఉంటుంది. దానితోనే పురుగు మల్బరీ కొమ్మను పట్టుకుని వేలాడుతుంది. గూటిలోంచి రెక్కల పురుగు (పట్టుచిలుక) బయటికి వచ్చేసరికి ఆ ఐదు జతలూ మాయమై అసలు ఆరే మిగులుతాయి.

గట్టి పైపొర పెరగదు కాబట్టి ఏ ఆర్థ్రోపొడ్ అయినా పెరగాలంటే దాన్ని విడవాల్సిందే. పట్టుపురుగు నాలుగుసార్లు విడుస్తుంది. మా రైతులు దాన్ని జ్వరం అంటారు. అప్పుడు పురుగు ఆకు ముట్టదు, తల పైకెత్తి దాదాపు ఒక రోజు కదలకుండా ఉంటుంది. ఆ సమయంలో ఆకు వేయొద్దని, పడకను కదిలించొద్దని మా అమ్మ గట్టిగా చెప్పేది. పాత తల డొల్ల ముందుకు ఊడి పడటం, దాని వెనక కొత్త తల లేతగా, పెద్దగా కనిపించడం నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు. బయటి పొరే కాదు, శ్వాసనాళాల లోపలి పూత కూడా ఆ కుబుసంతో వస్తుంది.

మీ అబ్బాయికి చూపించడానికి బతికిన తేలు అక్కర్లేదు. రాళ్ల కింద దొరికే తేలు కుబుసం చాలు. తలను కప్పే డిప్ప ముందు అంచున చీలిక కనిపిస్తుంది, తేలు అక్కడినుంచే బయటికి వచ్చింది. కెలిసెరాల నుంచి కొండి దాకా ప్రతిదీ దానిలో ఉంటుంది. కాళ్లు చొక్కా చేతుల్లా ఖాళీగా ఉంటాయి. అతినీలలోహిత టార్చి వేస్తే ఆ కుబుసం కూడా ఆకుపచ్చగా మెరుస్తుంది. రాయి తిప్పడం మాత్రం పెద్దవాళ్లే పొడవాటి కర్రతో చేయాలి, బూట్లు వేసుకోవాలి.

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణ మాసంలో కొండలరాయుడి కొండ మీద భక్తులు తేళ్లను చేతిలో పట్టుకుంటారు. అది చూసి పిల్లలు ఇంటి దగ్గర ప్రయత్నించకుండా చూడండి. మన ప్రాంతపు ఎర్రతేలు చిన్నదే అయినా పెద్ద నల్లతేలుకంటే ప్రమాదం. కుట్టాక చెమటలు పట్టినా, వాంతులైనా, చేతులు చల్లబడినా మంత్రాలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రజోసిన్ అనే మందు వచ్చాక ఎర్రతేలు కాటుకు చనిపోయేవారు బాగా తగ్గారు.