పంచనామా చదవనిదే కత్తి పట్టవద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎం.డి. సీటు తీసుకున్నావని మొన్న రాత్రి మీ అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. పిల్లల వైద్యమో కంటి వైద్యమో చదువుతుందనుకున్న కూతురు ఏరికోరి శవాల గదికి వెళ్తున్నదేమిటని ఆమె బాధ. నా మాటైతే నువ్వు వింటావని, ఎలాగైనా నీ మనసు మార్చమని బతిమాలింది. నేను సరేననలేకపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ పనితోనే అన్నం తిన్నవాణ్ణి, అది మంచి పని కాదని ఏ నోటితో చెప్పను? మన ఇంట్లో నా తరువాత ఆ బల్ల దగ్గర నిలబడే మనిషి ఒకరు ఉన్నారన్న సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున భయం మొదలైంది. ఆ సంతోషమూ ఈ భయమూ కలిసి నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

నీకు తెలిసిన సంగతులు ఒక్కొక్క మాటలో చెప్పి వదిలేస్తాను. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేసుకో. శవాన్ని తెచ్చిన కానిస్టేబులు చేత ఇది ఫలానావారి శవమేనని చెప్పించుకుని, అతని నంబరూ వేళా రాసుకున్న తరువాతే మొదలుపెట్టు. మరణ కారణం ఛాతీలోనే కనబడినా సరే, తలా కడుపూ కూడా తెరిచి చూడు. నోట్సు బల్ల దగ్గరే రాసుకో, ఇంటికి వెళ్లి జ్ఞాపకం మీద రాయకు.

నిన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తుకొచ్చేది గాలి. ధాన్యం నిల్వల్లో పురుగు పట్టకుండా పెట్టే మాత్రలు ఉంటాయి కదా, ఆ అల్యూమినియం ఫాస్ఫైడ్ మింగి చనిపోయినవారి జీర్ణకోశంలో ఫాస్ఫీన్ వాయువు నిలిచి ఉంటుంది. పోలీసు కాగితంలో 'గుర్తు తెలియని విషం' అని మాత్రమే ఉంటుంది, నువ్వేమో వంగి కోస్తావు. ఒకసారి నా పక్కన నిలబడి జీర్ణకోశాన్ని పట్టుకున్న అటెండరు ఉన్నట్టుండి కూలిపోయాడు. బయటికి మోసుకుపోయి వేపచెట్టు కింద పడుకోబెడితే గంట తరువాత లేచి కూర్చున్నాడు. ఆ గంట నాకెలా గడిచిందో చెప్పలేను. వెల్లుల్లి వాసనగానీ కుళ్లిన చేప వాసనగానీ ముక్కుకు తగిలితే తలుపులన్నీ తెరిపించి, గదిలో అవసరం లేనివారిని బయటికి పంపు. క్షయ సంగతి కూడా మరువకు. ముప్పై నాలుగో ఏట నాకు క్షయ పట్టింది, ఏడాదికి పైగా మందులు మింగాను. మీ అమ్మమ్మ నా కంచం వేరుగా పెట్టి, అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకోవడం మీ అమ్మ చూసింది. ఇవాళ ఆమె ఏడుస్తున్నదంటే, తల్లీ, పెళ్లి సంబంధాల గురించి మాత్రమే కాదు. ఆ కంచం కూడా ఆమెకు గుర్తుండి ఉంటుంది. అందుకని ఆమె మీద విసుక్కోకు.

ఇక అసలు మాటకు వస్తాను. న్యూయార్క్ నగరంలో 1918లోనే మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం ఏర్పడింది. అక్కడ ఆ కార్యాలయం మనుషులే మరణం జరిగిన చోటికి వెళ్తారు, శవం ఎలా పడి ఉందో, పక్కన ఏమున్నదో వారే చూస్తారు. మన దేశంలో కలకత్తా, బొంబాయి నగరాలకు ఒకప్పుడు అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే కరోనర్లు ఉండేవారు, బొంబాయిలో ఆ పదవిని 1999లో ఎత్తివేశారు. మనకున్నది పోలీసు పంచనామా పద్ధతి. నిన్నమొన్నటిదాకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 174 సెక్షను అనేవాళ్లం, 2024 జూలై నుంచి అదే కొత్త చట్టంలో 194 అయింది. శవం దొరికిన చోటును ఎస్సై చూస్తాడు, పంచాయతీదారులు చూస్తారు, మనం చూడము. ఎవరెవరో ముట్టుకుని, కదిలించి, బట్టలు సర్ది, ఆటోలోనో ట్రాక్టరులోనో వేసి తెచ్చిన తరువాత మన బల్ల మీదికి వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నీ చేతిలో ఉండేది ఆ పంచనామా కాగితం ఒక్కటే. దాన్ని నేను చదవని రోజు గురించి మీ అత్తయ్యకు తప్ప ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1982 ఆగస్టులో నేను కృష్ణా డెల్టాలోని ఒక తాలూకా ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జనుగా ఉన్నాను. ఆసుపత్రి వెనక ఒక రేకుల షెడ్డు, అందులో ఒక సిమెంటు దిమ్మె, బావి నుంచి తోడి తెచ్చిన నాలుగు బిందెల నీళ్లు, అదే మా మార్చురీ. ఒకనాడు పొద్దు వాలుతుండగా ఇరవై రెండేళ్ల ఇల్లాలి శవాన్ని బండి మీద తెచ్చారు. బట్టలు ఉతకడానికి కాలువ రేవుకు వెళ్లిన మనిషి కనబడకుండా పోయి, మూడో రోజున దిగువన లాకుల దగ్గర తేలిందట. నీళ్లలో ఉన్నంతసేపు నెమ్మదిగా కుళ్లే శరీరం గట్టుకు చేరాక ఎంత వేగంగా పాడవుతుందో నీకు తెలుసు. ఆమె ఒక రాత్రంతా గట్టు మీదే ఉంది. అల్లుడే గొంతుకు తాడు బిగించి కాలువలో పడేశాడని పుట్టింటివారు షెడ్డు బయట కేకలు వేస్తున్నారు. చీకటి పడితే మర్నాటిదాకా ఆగాలి, ఆగితే ఊళ్లో గొడవ అవుతుందని హెడ్ కానిస్టేబులు తొందరపెడుతున్నాడు. అతనిచ్చిన కాగితాల్లో పోస్టుమార్టం చేయమని పోలీసులు కోరే రిక్విజిషన్ ఒక్కటి చదివాను. 'చంపి పడవేసినట్లు అనుమానము' అని అందులో ఉంది. దాని వెనక గుచ్చిన మూడు పేజీల పంచనామాను మడిచి రిజిస్టరు కింద పెట్టాను.

ముఖం నల్లబడి ఉబ్బిపోయింది, కనుగుడ్లు బయటికి వచ్చాయి, నాలుక పళ్లను దాటి ముందుకు పొడుచుకు వచ్చింది. లోపల వాయువులు నిండి కుళ్లుతున్న ఏ శవానికైనా ఇవన్నీ వస్తాయి. ఆ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, ఆ సాయంత్రం మాత్రం వాటిని ఊపిరి ఆపి చంపిన గుర్తులుగా చదువుకున్నాను. మెడ చుట్టూ గొంతుముడికి కింద, అడ్డంగా, ఎక్కడా తెగకుండా సన్నని లోతైన గాడి కనబడింది. ఉరి గాడి ఏటవాలుగా పైకి పోయి ముడి దగ్గర మాయమవుతుంది, తాడు బిగించి చంపితే గాడి ఇలాగే అడ్డంగా ఉంటుంది. పుస్తకంలోని బొమ్మే నా ఎదుట పడుకుని ఉన్నదనిపించింది. తలా ఛాతీ ముందు తెరిచి, మెడలోని రక్తం కారిపోయేదాకా ఆగి, ఆ తరువాత పొర వెంట పొరగా మెడను విప్పాలన్న నియమం నాకు తెలుసు. వెలుతురు పోతున్నదని మెడనే ముందు కోశాను. కండల్లో ముదురు ఎరుపు కనబడింది. కుళ్లిన నెత్తురు కరిగి చుట్టుపక్కలకు ఇంకినప్పుడు ఆ రంగే వస్తుంది. నేను దాన్ని బతికుండగా కమిలిన గాయం అనుకున్నాను. అరగంటలో ముగించి, మెడకు తాడు బిగించడం వల్ల ఊపిరాడక మరణించినదని సిరాతో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. నా మనసులో ఆ క్షణాన సందేహమన్నది లేదు. ఇప్పుడు నాకు భయం వేసేది దానికే.

ఆ భర్త 14 నెలలు జైల్లో ఉన్నాడు. సెషన్సు కోర్టులో కేసు విచారణకు వచ్చినప్పుడు, డిఫెన్సు వకీలు ఒక వృద్ధుడు, గొంతు పెంచకుండా, ఆ పంచనామా నా చేతికిచ్చి రెండో పేజీలో ఒక వాక్యం పైకి చదవమన్నాడు. 'మృతురాలి మెడకు బిగువుగా నున్న నల్లతాడును, దానికి గల వెండి తాయెత్తును, కత్తితో కోసి తీసి మృతురాలి తల్లికి అప్పగించడమైనది.' చదువుతుండగానే నా చేతులు చల్లబడ్డాయి. మెడ ఉబ్బుతున్నప్పుడు వదులు కాని తాడు దాని మీద ఎలాంటి గుర్తు చేస్తుందని ఆయన అడిగాడు. నేను చూసిన గాడి లాంటిదే చేస్తుందని చెప్పాను. తరువాత తల్లిని మళ్లీ బోనులోకి పిలిపించి ఆ తాయెత్తు ఎందుకు కట్టారని అడిగారు. 'మూర్ఛకండీ, దానికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది' అన్నదామె, అన్నాక తనేమన్నదో తనకే అర్థమై బోను కర్రను పట్టుకుని నిలబడిపోయింది.

కేసు కొట్టేశారు. కోర్టు వరండాలో ఆ భర్త నా ఎదుటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. 'తాయెత్తు సంగతి నేను మొదటి రోజే చెప్పానండీ, ఎవరూ పట్టించుకోలేదు' అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. పట్టించుకోలేదనడం కూడా నిజం కాదు, పట్టించుకుని కాగితం మీద రాశారు. చదవవలసినవాడు చదవలేదు. అంతకంటే నన్ను ఎక్కువగా పట్టి పీడించేది మరొకటి. ఆ అమ్మాయి రేవులో మూర్ఛ వచ్చి పడిపోయిందా, కాలు జారిందా, తానే దూకిందా, నాకు ఈనాటికీ తెలియదు. మూర్ఛలో కొరుక్కున్న గాయం ఉన్నదేమోనని నాలుకను కోసి చూడలేదు. తొడ ఎముకలోని మజ్జ తీసి, కాలువ నీళ్లతో పాటు డయాటమ్ పరీక్షకు, అంటే నీటిలోని కంటికి కనబడని నాచు ఒంట్లోకి చేరిందేమో చూసే పరీక్షకు, పంపలేదు. పిడికిళ్లలో నాచు ఉన్నదో లేదో విప్పి చూడలేదు. జవాబు దొరికిందనుకున్నవాడు ఇంకేమి వెతుకుతాడు? ఆమె విషయంలో నిజం చెప్పగలిగిన అవకాశం ఆ ఒక్క సాయంత్రమే ఉండింది. మర్నాడు దహనం చేశారు.

అప్పటి నుంచి నేను పంచనామాను రెండుసార్లు చదివేవాణ్ణి, చదివాక బయటికి వెళ్లి శవాన్ని మొదట చూసినవారెవరు, ఎవరెవరు ముట్టుకున్నారు, ఒంటి మీది నుంచి ఏమేమి తీశారు, చనిపోయిన మనిషికి ఏ జబ్బులున్నాయి అని బంధువులను నేనే అడిగేవాణ్ణి. కాగితంలో ఉన్నదీ వారు చెప్పేదీ కలవకపోతే కత్తి పట్టకముందే ఎస్సైని పిలిపించేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్యి. చీమలు కొరికిన చోట తోలు లేచి గీరుకుపోయిన గాయంలా కనబడుతుంది, దాన్ని భూతద్దంతో చూడకుండా గాయమని రాయకు. కారణం తేలకపోతే తేలలేదని, విసెరా నివేదిక, అంటే ప్రయోగశాలకు పంపిన లోపలి అవయవాల నివేదిక, వచ్చేదాకా అభిప్రాయం ఆపి ఉంచానని రాయి. అలా రాస్తే చేతకానివాడంటారని కుర్రతనంలో నేను సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నీకు వద్దు.

విసెరా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ భాగాలు చెడిపోకుండా మామూలుగా ఉప్పు సంతృప్త ద్రావణంలో పెడతాం. చాలాచోట్ల డాక్టరు చెప్పి వెళ్లిపోతే సీసాలు నింపేది అటెండరే. మామూలు ఉప్పు నీళ్లలో కరిగి కరిగి ఇక కరగక అడుగున మిగిలినప్పుడే అది సంతృప్త ద్రావణం. గుప్పెడు ఉప్పు వేసి కలిపితే సరిపోదు, ప్రయోగశాలకు చేరేలోగా లోపలివన్నీ కుళ్లిపోతాయి. యాసిడ్ తాగినవారి భాగాలు ఉప్పునీటిలో పెట్టకూడదు, రెక్టిఫైడ్ స్పిరిట్‌లో పెట్టాలి. ఏది వాడినా దాని నమూనా వేరే సీసాలో జతచేయాలి. ఫార్మలిన్ మైక్రోస్కోపు పరీక్షకు వెళ్లే ముక్కలకే. సీలు వేసేటప్పుడు నువ్వక్కడే నిలబడు, ఎంత ఆకలిగా ఉన్నా సరే.

పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా మేజిస్ట్రేటు విచారణ చేయాలని చట్టం చెబుతుంది, మన దగ్గర సాధారణంగా తహసీల్దారు వస్తారు. ఆయన రాకముందే కానిచ్చేయమని ఎవరు ఫోను చేసినా కానివ్వకు. 2021 నవంబరులో కేంద్ర ప్రభుత్వం, తగిన వసతులున్నచోట సూర్యాస్తమయం తరువాత కూడా పోస్టుమార్టం చేయవచ్చన్నది. అయితే శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణం, కుళ్లిన శవం వీటికి రాత్రి అనుమతి లేదు. ఈ రెండో సగాన్ని నీకు ఎవరూ గుర్తుచేయరు. నువ్వే గుర్తుపెట్టుకో. కమిలిన గాయం రంగు పగటి వెలుతురులో కనబడినట్లు మరే వెలుతురులోనూ కనబడదు.

నీ అటెండరును పేరుతో, 'గారు' చేర్చి పిలువు. ఈ పనిలో నాకు సగం నేర్పింది వారే, వారిని సొంత బంధువులు కూడా ఇంట్లోకి రానివ్వకపోవడం నేను చూశాను. కుట్లు వారికే వదిలేయకుండా దగ్గరుండి దగ్గరదగ్గరగా వేయించు, ముఖం కడిగించు, జుట్టు తుడిచి వెనక్కి దువ్వించు. బయట కూర్చున్న తల్లి ఆ ముఖాన్ని చూస్తుంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, ఏ ప్రాక్టికల్ పరీక్షలోనూ అడగరు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం రోజూ రాత్రి ఆమెకు ఫోను చెయ్యి. ఆ రోజు ఏ శవం వచ్చిందో చెప్పనక్కర లేదు, అన్నం తిన్నావో లేదో చెబితే చాలు. 1983లో ఆ కోర్టు నుంచి వచ్చాక కొన్న భూతద్దాన్ని ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ చేస్తున్నాను, పిడి దగ్గర చిన్న బీట ఉంది కానీ అద్దం బాగానే ఉంది. మీ మార్చురీకి కిటికీలు ఎన్ని ఉన్నాయో, గాలిని బయటికి లాగే ఫ్యాను పనిచేస్తున్నదో లేదో, చేరిన రోజునే చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య