టైరు లైటు ఆరడం లేదు, ‘వారంటీ రాదు’ అంటే నమ్మాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. పదమూడు నెలల క్రితం విజయవాడలోని ఒక డీలరు దగ్గర 11.40 లక్షల రూపాయలకు విద్యుత్ కారు కొన్నాను. వారంటీ మూడేళ్ళు. ఈ కారుకు స్టెప్నీ లేదు. దాని బదులు పంక్చర్ కిట్టు, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్ ఇచ్చారు. నాలుగో నెల నుంచి ఆ హెచ్చరిక లైటు వెలుగుతూనే ఉంది. అయిదుసార్లు సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను. ప్రతిసారీ గాలి నింపి, రీసెట్ చేసి పంపారు. ఆరో నెలలో మేకు గుచ్చుకుంటే మా ఊళ్ళోనే స్ట్రిప్ పంక్చర్ వేయించాను. ఇప్పుడు ఎడమవైపు వెనక చక్రంలో సెన్సర్ పోయిందనీ, బయట పంక్చర్ వేయించాను కాబట్టి వారంటీ వర్తించదనీ, 5,200 రూపాయలు కట్టాలనీ అంటున్నారు. పైగా ‘అది అదనపు సదుపాయం, లైటే కదా, బండి నడుస్తోంది కదా’ అన్నారు. మా అమ్మాయి ప్రతి శనివారం ఈ కారులోనే గుంటూరు వెళ్ళి వస్తుంది. కేసు వేయవచ్చా? కొత్త కారు అడగవచ్చా? ఈలోగా ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?

జవాబు: ‘లైటే కదా’ అన్న మాటను ఎవరు అన్నారో, ఏ తేదీన అన్నారో ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ మాట మీకు ఎలా పనికొస్తుందో కాసేపట్లో చెబుతాను.

ముందుగా మీరు పంపిన జాబ్ కార్డుల (సర్వీసుకు ఇచ్చినప్పుడు ఫిర్యాదు, చేసిన పని రాసే చీటీల) సంగతి. మొదటి కార్డులో ‘కస్టమర్ వాయిస్’ అనే గడిలో మూడే మాటలు ఉన్నాయి: ‘టైర్ లైట్ చెక్’. దాని కింద ‘గాలి నింపాము, సరే’ అని రాసి, చివర మీ చేత సంతకం చేయించుకున్నారు. మీరు ఆ కార్డును తేలిగ్గా చూసి ఉంటారు. నా కంటికి మాత్రం మీ కేసుకు ప్రాణం అదే. ఎందుకంటే దాని మీది తేదీ మీరు పంక్చర్ వేయించిన రోజుకన్నా రెండు నెలల ముందుది. పంక్చర్ వల్ల సెన్సర్ చెడిపోయిందని వాళ్ళు అంటున్నారు. ఆ పంక్చర్ పడకముందే లైటు వెలిగిందని వాళ్ళ ముద్ర ఉన్న కాగితమే చెబుతోంది. ఆ కార్డు అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వకండి.

రెండో విషయం మీరు వేయించిన పంక్చర్ రకం. స్ట్రిప్ పంక్చరుకు టైరును రిమ్ము నుంచి విప్పరు. మేకు లాగేసి, ఆ రంధ్రాన్ని ఆకురాయి లాంటి సూదితో గీకి, జిగురు పట్టించిన తాడును బయటి నుంచే లోపలికి దూర్చి, మిగిలిన కొసను బ్లేడుతో కోసేస్తారు. సెన్సర్ ఉండేది అక్కడ కాదు. గాలి నింపే వాల్వు మొదట్లో, టైరు లోపల, రిమ్మును అంటిపెట్టుకుని ఉంటుంది. టైరు విప్పేటప్పుడు ఇనుప పట్టీ తగిలి సెన్సర్ విరగడం నిజంగా జరిగేదే, కానీ అందుకు టైరు విప్పి ఉండాలి. పంక్చర్ వేసిన ఆయన దగ్గర ‘టైరు విప్పలేదు, స్ట్రిప్ మాత్రమే వేశాను’ అని తేదీతో ఒక చీటీ రాయించుకోండి. ఇక్కడ మీరు నిజాయితీగా ఒక సంగతి సరిచూసుకోవాలి. కారుతో వచ్చిన కిట్టులోని సీలెంటు ద్రవాన్ని ఎప్పుడైనా ఆ టైరులోకి ఎక్కించారా? ఎక్కించి ఉంటే అది సెన్సర్ రంధ్రాన్ని మూసేసే అవకాశం ఉంది. అప్పుడు వాదన మారుతుంది కాబట్టి ఆ విషయం మీ న్యాయవాదికి ముందే చెప్పండి.

అసలు లోపం టైరులో ఉందా, హెచ్చరిక వ్యవస్థలో ఉందా అన్నది కూడా మీరే కొంతవరకు తేల్చుకోవచ్చు. ఇది మెకానిక్కు పనేనని వదిలేయకండి, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మొదటి ప్రశ్న ఇదే. కారు ఆన్ చేయగానే లైటు సుమారు ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత నిలకడగా వెలిగితే చాలా కార్లలో దాని అర్థం వ్యవస్థలోనే లోపం ఉందని. మిణకకుండా మొదటి నుంచీ నిలకడగా వెలిగితే గాలి తగ్గిందని. మీ కారు మాన్యువల్‌లో ఈ పేజీ చూసి, ఫొటో తీసి పెట్టుకోండి. వరుసగా నాలుగు రోజులు ఉదయం కారు కదలకముందే నాలుగు టైర్లలో గాలి చూసి రాయండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్తంభం మీద అతికించిన చీటీలో ఉంటుంది. చల్లని టైరు అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న టైరు. మే నెల ఎండలో హైవే మీద నడిపి వచ్చి బంకులో గాలి చూస్తే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అక్కడే కొంత గాలి తీసేస్తే మర్నాడు ఉదయానికి తక్కువై, లైటు న్యాయంగానే వెలుగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే ఒత్తిడి దాదాపు రెండు పీఎస్ఐ (గేజ్ మీద గాలి ఒత్తిడిని చూపే కొలత) మారుతుంది. నాలుగు ఉదయాలూ గాలి సరిగ్గా ఉండి, లైటు మిణుకుతూనే ఉంటే లోపం టైరుది కాదు. గేజ్ మీద అంకె, మీటరు మీద లైటు, ఆ నాటి తేదీ ఒకే వీడియోలో వచ్చేలా ఫోనులో తీయండి. ఆ ఫోనును కేసు ముగిసేదాకా అమ్మకండి. వీడియోను సాక్ష్యంగా పెట్టేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాల్సి రావచ్చు.

ఇంకొక్క మాట. కొన్ని కార్లలో టైరు లోపల సెన్సర్లే ఉండవు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కోసం ఉన్న చక్రపు వేగం సెన్సర్ల లెక్కను బట్టి గాలి తగ్గిందని అంచనా వేస్తాయి. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో చూడండి. అది ఈ రెండో రకమైతే, టైరులో సెన్సర్ పోయిందని 5,200 అడగడమే మోసపూరిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. సెన్సర్ ఉన్న రకమే అయితే, స్కానర్ పెట్టి తీసిన లోపాల కోడ్, ఆ సెన్సర్ బ్యాటరీ స్థితి ముద్రించి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఈ బ్యాటరీలు సాధారణంగా అయిదు నుంచి పదేళ్ళు పనిచేస్తాయి. నాలుగు నెలలకే పోయిందంటే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల అనడం కష్టం.

ఇక ‘బయట పంక్చర్ వేయిస్తే వారంటీ రాదు’ అన్న మాట. ఈ ఒక్క వాక్యం విని డబ్బు కట్టి ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళను ఎంతమందిని చూశానో చెప్పలేను, ప్రతిసారీ మనసు కష్టపడుతుంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో న్యాయమైన పోటీ ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఆదేశంలో ఈ విషయాన్ని సూటిగా చెప్పింది. బయటి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదనీ, బయట చేయించిన లోపభూయిష్టమైన పని వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చుననీ పేర్కొంది. ఆ ఆదేశంపై కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి కాబట్టి దీన్ని తిరుగులేని అస్త్రం అనుకోకండి, బలమైన వాదనగా వాడుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కూడా లెక్క ఇదే: పంక్చరుకూ సెన్సర్ చెడిపోవడానికీ సంబంధం చూపించాల్సింది ఆ మాట అన్నవాళ్ళే.

‘అదనపు సదుపాయం’ అన్న మాటకు మీ దగ్గర అంతకన్నా గట్టి జవాబు ఉంది. మీ కారుకు స్టెప్నీ లేదన్నారు. 2020 జూలైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 3.5 టన్నుల లోపు కార్లకు ట్యూబు లేని టైర్లు, టైరు మరమ్మతు కిట్టు, టీపీఎంఎస్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదన్నది ఆ సవరణ సారం. అంటే మీ కారులో ఈ వ్యవస్థ అలంకారం కాదు. స్టెప్నీ లేకుండా అమ్మడానికి చట్టం పెట్టిన షరతుల్లో అదొకటి. అది పనిచేయకపోయినా ‘లైటే కదా’ అన్నారంటే, స్టెప్నీ లేని కారులో ఒక ఆడపిల్ల హైవే మీద వెళ్తుంటే ఉన్న ఒక్క రక్షణను కూడా పట్టించుకోలేదని అర్థం. ఆ మాటను నోటీసులో యథాతథంగా పెట్టించండి.

కొత్త కారు అడగమని మాత్రం నేను చెప్పను. 2006లో మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు, వారంటీ ఉన్నది లోపం ఉన్న భాగాన్ని మార్చడానికేనంటూ, కారునే మార్చాలన్న ఆదేశాన్ని నిలబెట్టలేదు. మరోవైపు 2022 ఏప్రిల్‌లో హ్యుందాయ్, శైలేంద్ర భట్నాగర్ కేసులో ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదని వచ్చిన ఫిర్యాదుపై, వినియోగదారుడు వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని చెప్పి, వాహనం మార్చమన్న ఆదేశాన్ని సమర్థించింది. భద్రత కోసమే అమర్చిన భాగం విఫలమైతే కోర్టు తేలిగ్గా తీసుకోదనడానికి ఇది ఆధారం. కానీ మీ విషయంలో ఎవరికీ గాయం కాలేదు. ఒక సెన్సర్ కోసం కారు మొత్తం అడిగితే నిజమైన ఫిర్యాదు కూడా పలచబడుతుంది. సెన్సరును, అవసరమైతే దాని సంకేతాలను అందుకునే రిసీవరును ఉచితంగా మార్చడం, ఆ భాగానికి కొత్తగా వారంటీ, అయిదుసార్లు తిరిగిన ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి.

మొదట డీలరుకూ తయారీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువు ఇవ్వండి. ఒక్క డీలరుకే పంపితే రేపు కంపెనీ తనకేమీ తెలియదంటుంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారు విజయవాడలో కొన్నా, మీరు నివసించేది ఒంగోలు కాబట్టి అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. మీరు చెల్లించిన ధర 10 నుంచి 20 లక్షల మధ్య ఉంది కాబట్టి ఫీజు 400 రూపాయలు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తేలదంటే 38వ సెక్షన్ కింద కమిషన్ తగిన ప్రయోగశాలకు పంపుతుంది. అందుకే కేసు తేలేదాకా పాత సెన్సరును తీసేయనివ్వకండి. తీయాల్సి వస్తే మీకు తిరిగి ఇమ్మని రాసివ్వండి.

బీమా సంగతి. ప్రమాదంలో మూడో వ్యక్తికి నష్టం జరిగితే, టైరు లైటు వెలుగుతోందన్న సాకుతో బీమా కంపెనీ చెల్లింపు తప్పించుకోలేదు. మీ సొంత కారు నష్టం దగ్గర కొంత జాగ్రత్త అవసరం. వాహనాన్ని సక్రమమైన స్థితిలో ఉంచడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్న షరతు పాలసీలో ఉంటుంది. టైరు పేలి ప్రమాదం జరిగితే, హెచ్చరిక తెలిసీ నడిపారని వాళ్ళు అభ్యంతరం చెప్పవచ్చు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కూడా, ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ వాహనం నడిపితే 1,500 రూపాయల వరకు జరిమానా, దానివల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. సెన్సర్ చెడినా టైరు బాగానే ఉందని చూపగలిగితే ఈ భయం చాలావరకు ఉండదు. ఉదయం పూట రాసి పెట్టిన ఆ గాలి లెక్క అక్కడా మీకు అండగా నిలుస్తుంది.

గడువు మర్చిపోవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోపు కేసు వేయాలి. వారంటీ నిరాకరించిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడకండి. మొదటి జాబ్ కార్డు తేదీ నుంచే లెక్క వేసుకోండి. తొమ్మిది నెలలు ఇప్పటికే గడిచాయి.

ఈసారి సర్వీసు సెంటరుకు వెళ్తే ‘టైర్ లైట్ చెక్’ అని రాయనివ్వకండి. ‘నాలుగో నెల నుంచి టీపీఎంఎస్ లైటు వెలుగుతోంది, చల్లని టైర్లలో గాలి సరిగ్గానే ఉంది, అయిదుసార్లు చూపించినా సరికాలేదు’ అని మీ చేత్తో రాయండి. కారు తిరిగి తీసుకునేటప్పుడు లైటు వెలుగుతూ ఉంటే సంతకం పైన ‘సమస్య అలాగే ఉంది’ అని చేర్చండి. అవన్నీ సోమవారం చేసుకోవచ్చు. అంతకన్నా ముందు, వచ్చే శనివారం ఉదయం మీ అమ్మాయి గుంటూరు బయలుదేరకముందే, కారు ఇంకా చల్లగా ఉన్నప్పుడే, నాలుగు టైర్లలో గాలి మీరే స్వయంగా చూడండి.