బీఫ్ డంప్లింగ్ సూప్ ఇంట్లో చేసుకోవచ్చు, ఖైమా మాత్రం ముందే వండబాకండి

"కొరియా సీరియల్లో చూసినప్పట్నుంచి బీఫ్ డంప్లింగ్ సూప్ మీద మనసు పడింది, ఉండేది నెల్లూరులో, ఫ్రీజర్లో అమ్మే మోమోలు తెచ్చి ప్యాకెట్ సూప్‌లో వేసుకుంటే సరిపోదా, ఇంట్లో చేసుకోవడం మన వల్ల అయ్యే పనేనా" అని గదా మీరు అడిగింది. సరిపోదు. ఇంట్లో అయ్యే పనే. ఇంతటితో ఆపేద్దామనుకున్నా గానీ, ఈ ప్రశ్నకి జవాబు రాసినోళ్లందరూ ఖైమాని అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి నూనెలో బాగా వేయించి చల్లారాక పిండిలో పెట్టండి అని రాసుండేది చూసి ఇంక ఊరికే కూర్చోలేకపోయా. అట్ట చేస్తే అది సమోసా అండీ. సమోసా తినాలంటే సమోసానే తినండి, బాగుంటాది, నేనూ తింటా, దాన్ని నీళ్లల్లో ఉడకేయడం ఎందుకు?

నేను వంటవాణ్ణేం కాదు. కిర్గిజ్‌స్తాన్‌లో, బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివా. ఈ మాట అనంగానే మనోళ్లు "ఓహో, రష్యా డాక్టరా" అని ఒక నవ్వు నవ్వుతారు, అది రష్యా కాదు మొర్రో, 1991లోనే సోవియట్ నుంచి విడిపోయిన దేశం అని చెప్పినా ఎవరికీ ఎక్కదు, పైగా తిరిగొచ్చి, విదేశాల్లో చదివినోళ్లకి పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష రాసి 300కి 150 తెచ్చుకుంటే గానీ ఇక్కడ స్టెతస్కోపు పట్టనివ్వరు, ఇక్కడ కాలేజీల్లో చదివినోళ్లకి ఆ పరీక్ష ఊసే లేదు, సరే ఆ గోల ఇప్పుడెందుకులే. మేం అద్దెకున్న బిల్డింగులో కింది ఫ్లాటులో ఒక పెద్దావిడ ఉండేది. ఎజే అని పిలిచేవాళ్లం, అక్కడ మనకన్నా పెద్దదైన ఆడమనిషిని అట్టనే పిలుస్తారు. చలి మొదలైతే చాలు ఆమె చూచ్‌పరా చేసేది, అంటే చారులో ఉడికించే బుల్లి బీఫ్ డంప్లింగులు. రష్యావాళ్ల పెల్మెని గుండ్రంగా ఉంటాది, మంతీ అని ఇంకోటి ఉంది అది పెద్దది, ఆవిరి మీద ఉడికిస్తారు, ఈ చూచ్‌పరా మాత్రం చిన్న చదరం ముక్కలతో చేస్తారు. పల్చగా వత్తిన పిండిని చాకుతో గళ్లుగళ్లుగా కోసేసి, ఒక్కో గడిలో చిక్కుడు గింజంత మాంసం పెట్టి, మూలకి మూల మడిచి అంచులు నొక్కి, మిగిలిన రెండు కొసల్నీ చూపుడువేలి చుట్టూ తిప్పి అతికించేది. ఇదంతా టీవీ చూస్తానే. చేతుల వంక చూసేదే కాదు.

మీరు సీరియల్లో చూసింది మాండూ గుక్ అయ్యుంటాది, కొరియావాళ్లు లోపల మాంసంతో బాటు టోఫూ, పెసర మొలకలు, కిమ్చీ లాంటివి కూడా పెడతారు, మనకి టోఫూ దొరకదని పనీరు పెట్టబాకండి దయచేసి. పేరేదైనా, ఏ దేశంలో అయినా, సూత్రం ఒకటే: లోపల పెట్టేది పచ్చిగా ఉండాల, తడిగా ఉండాల.

ఎట్టంటే, ఖైమాలో ఉప్పు, దంచిన మిరియాలు, తురిమిన ఉల్లిపాయ వేసి, ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు కొంచెం కొంచెం పోస్తా చేత్తో ఒకేవైపు తిప్పతా ఉండాల. అరకేజీ ఖైమా అర గ్లాసు నీళ్లు హాయిగా తాగేస్తాది. ఉప్పు తగిలిన పచ్చి మాంసం జిగురుగా అయి ఆ నీళ్లని పట్టుకుంటాది, ఉడికేటప్పుడు ఆ నీళ్లూ కరిగిన కొవ్వూ ఉల్లిపాయ రసమూ అన్నీ పిండి లోపలే ఉండిపోతాయి, కొరకంగానే నోట్లోకి చారు దిగతాది. అదే ముందు వేయించారనుకోండి, మాంసం అప్పటికే ముడుచుకుపోయి ఉన్న రసమంతా బాండ్లిలోనే వదిలేసి ఉంటాది, ఇంక లోపల మిగిలేది పొడిపొడి రజను. పచ్చిది లోపల ఉడకదేమో అని భయం, అంతే గదా? ఖైమాకి లోపలిదాకా 71 డిగ్రీల వేడి తగిలితే చాలు, మీ గిన్నెలో నీళ్లు 100 దగ్గర మరగతా ఉంటాయి, అంత బుల్లిదానికి ఎంతసేపు పడతాది. పైకి తేలాక ఇంకో నాలుగు నిమిషాలు ఉంచండి, అప్పటికీ అనుమానం తీరకపోతే ఒకటి తీసి కోసి చూసుకోండి. డాక్టరుగానే చెప్తుండా.

మాంసం సంగతి ఇంకా ముఖ్యం. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవుల్ని కోయకూడదు, కాబట్టి అంగట్లో బీఫ్ అనీ పెద్దకూర అనీ అమ్మేది ఎక్కువగా బర్రె మాంసం, దున్నపోతు మాంసం. విదేశాల వీడియోల్లో చూపించే బీఫ్‌కీ దీనికీ చాలా తేడా. మనది ముదురు రంగు, కొవ్వు తక్కువ, కొంచెం పీచు. వాళ్ల కొలతలు ఉన్నవి ఉన్నట్టు దించితే గట్టి ఉండలొస్తాయి. అరకేజీకి వంద గ్రాములన్నా కొవ్వు విడిగా అడిగి తీసుకోండి. బర్రె కొవ్వు తెల్లగా ఉంటాది, అది దాని రంగే. అంగడాయన "కొవ్వెందుకు సార్, మంచి మెత్తటి ముక్క ఇస్తా" అని ప్రేమగా మొత్తం తీసేస్తాడు, ఆయన మాట వినబాకండి. ఖైమా మిషన్లో ఆడించేటట్టయితే ముందు అందులో ఏం ఆడించాడో ఒకసారి చూసుకోండి, మా వీధి చివర అంగట్లో ఒకసారి నా ఖైమాతో పాటు ఎవరిదో కోడి చర్మం కూడా వచ్చింది, అడిగితే "కలిస్తే రుచి సార్" అంటాడు. అప్పట్నుంచి నేను ఇంట్లోనే చెక్క మీద పెట్టి కత్తితో కొట్టుకుంటుండా, చెయ్యి లాగతాది గానీ అట్ట కొట్టిన ఖైమా రుచే వేరు.

బీఫ్ మాట వచ్చింది గాబట్టి ఇంకో విడ్డూరం చెప్తా. బ్రెజిల్‌లో బీఫ్ కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం 'నెలోరె' జాతివి, అవేందో కాదు, మన ఒంగోలు గిత్తల సంతతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకని ఆ పేరు పడింది. మనం ఇక్కడ ఒంగోలు గిత్త అని బండలాగుడు పందేల్లో ఈలలేసుకుంటా ఉంటే వాళ్లు దాన్ని మన పక్క జిల్లా పేరుతో ప్రపంచమంతా అమ్ముకుంటుండారు. ఒంగోలోణ్ణి కాబట్టి నాకు ఇది రవ్వంత గుచ్చుకుంటాది.

అసలు విషయానికొస్తే, ఈ పచ్చి ఖైమా గొడవ నాకు ఇంట్లోనే ఎదురైంది. ఆ మధ్య ఒక జనవరి ఫస్టుకి కావలిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో అందరం చేరాం. రాత్రి చర్చిలో వాచ్‌నైట్ అయ్యి ఎవరూ సరిగా నిద్రపోలేదు, పొద్దున్నే నేను పోయి బీఫ్, నల్లి ఎముకలు తెచ్చి, ఈరోజు బిర్యానీ లేదు నేనొకటి చేసిపెడతా అన్నా. మా పెద్దమ్మకి అక్కడే సగం కోపం వచ్చింది. ఎముకల చారు మాత్రం నేను చెప్పినట్టే పొయ్యి మీద పెట్టింది, తర్వాత గిన్నెలో పచ్చి ఖైమా చూసి మొదలుపెట్టింది.

"పచ్చికూర పిండిలో పెట్టేదేందిరా, ఎవరన్నా తింటారా?"

"ఉడకబెడతాం గదా పెద్దమ్మా."

"నువ్వు సూదులేసేదానికే డాక్టరువిరా, వంటకి కాదు. పో అవతలికి."

ఆఖరికి రాజీ ఏందంటే సగం ఖైమా ఆమెది, సగం నాది. ఆమె సగాన్ని అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, కొత్తిమీర వేసి కమ్మగా వేయించేసింది, వీధి మొదటిదాకా వాసన. పిండి మాత్రం ఇద్దరికీ ఒకటే. అరకేజీ మైదా, ఒక గుడ్డు, ఉప్పు, గ్లాసుకి రవ్వంత తక్కువ నీళ్లు, పూరీ పిండి కన్నా గట్టిగా కలిపి తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాల, ఆ అరగంట వదలకపోతే వత్తేటప్పుడు మళ్లీ వెనక్కి లాగేసుకుంటాది. తర్వాత కింద చెయ్యి పెడితే వేళ్లు కనపడేంత పల్చగా వత్తాల. ఇక్కడ మాత్రం పెద్దమ్మకి దండం పెట్టాల. ప్రతి క్రిస్మస్‌కీ కజ్జికాయలు చుట్టిన చెయ్యి అది, అచ్చు కూడా వాడదు. గుండ్రంగా కోసిన బిళ్లని మడిచి, బొటనవేలి గోరుతో అంచుని కొంచెం లాగి లోపలికి తిప్పడం, మళ్లీ లాగి తిప్పడం, చివరికి అంచంతా సన్నటి తాడు పేనినట్టు వచ్చేది. గాలి ఏమాత్రం లోపల ఉండనీదు, ఉంటే ఉడికేటప్పుడు పగులుద్ది అని ఆమెకి ఎవరూ చెప్పలా, కజ్జికాయ నూనెలో పగలకుండా చేసే అలవాటుతోనే తెలుసు. నావి ఎజే నేర్పిన చదరం మడతలు, ఆమెవి తాడు అంచువి, కాబట్టి కలిసిపోయే ప్రమాదం లేదు. మా బావ గుమ్మంలో నిలబడి "కజ్జికాయల చారంట, రేపు అరిసెల పులుసు పెడతాడు మనోడు" అని అందరికీ వినపడేటట్టు ఒకటే ఎగతాళి.

ఉడికినాక ఒక ప్లేటులో అదొకటి ఇదొకటి పెట్టి కోశా. ఆమెది పైకి బ్రహ్మాండంగా ఉంది, కోస్తే లోపల ఖాళీ, ఖైమా ఒక మూలకి పోయి కూర్చోనుంది, పొడిపొడిగా ప్లేటు మీద రాలింది. నాది కోయంగానే చెంచాడు రసం కారింది, మాంసం ఒకే ముద్దగా లేత గోధుమ రంగులో ఉంది. కేసు తేలిపోయింది అనుకున్నా. ఈలోపు మా అక్క పిల్లలు పెద్దమ్మవన్నీ లాగించేసి "ఆ తాడువి ఇంకా ఉన్నాయా" అంటుండారు. దీన్ని నేను సాక్ష్యంగా తీసుకోను, నూడిల్స్ ప్యాకెట్‌లో మసాలాని ఉత్తదే నాకే పిల్లలు వాళ్లు, కారం తగిలితే చాలు. పెద్దమ్మ మాత్రం ఏం మాట్లాడకుండా రెండోసారి గిన్నెలో నావే వేసుకుంది. బాగుందా అంటే "చారు బాగుందిలే" అంది. చారు పెట్టింది ఆమే గదా.

ఆ చారు ఎట్టంటే, నల్లి ఎముకలు కేజీ, కొంచెం జబ్బ మాంసం, మూడు లీటర్లు చన్నీళ్లు. పొంగు రాబోయేటప్పుడు పైన బూడిద రంగు తెట్టు కడతాది, ఓపిగ్గా గరిటెతో తీసేయండి, ఇక్కడ బద్ధకిస్తే చారు మురికిగా ఉంటాది. తర్వాత మంట బాగా తగ్గించి మూడు గంటలు వదిలేయండి, తెర్లనీబాకండి, సన్నగా బుడగలొస్తే చాలు. గ్యాస్ దండగ అనుకుంటే కుక్కర్లో గంట. సగానికి కోసి పెనం మీద నల్లగా కాల్చిన ఉల్లిపాయ, ఒక క్యారెట్, బిర్యానీ ఆకు, పది మిరియాలు, చివర్లో ఉప్పు. పసుపొద్దు, కారమొద్దు. కార్న్‌ఫ్లోర్ అసలొద్దు. మన ఊళ్లల్లో సూప్ అంటే చిక్కగా జిగటగా ఉండాలని ఎవడు కనిపెట్టాడో గానీ, సాయంత్రం బండ్ల మీద అమ్మే సూపు గరిటె పైకి లేపితే దాంతో పాటే సాగతా వస్తాది, అందులో ఎముక రసం ఎంతుందో ఆ దేవుడికే తెలియాల. ప్యాకెట్ సూప్ కూడా అంతే, దాంట్లో ఏది వేసినా మొక్కజొన్న పిండి రుచే.

ఎజే డంప్లింగుల్ని నేరుగా చారులోనే ఉడికించేది. నేను మాత్రం వేరే గిన్నెలో ఉప్పు నీళ్లు మరిగించి అందులో ఉడకేసి, తీసి గిన్నెల్లో పెట్టి పైన వేడి చారు పోస్తా, లేకపోతే పైన అద్దిన పొడి మైదా అంతా కరిగి మూడు గంటల కష్టం తెల్లగా అయిపోతాది. ఒకేసారి ఎక్కువ చేసి పెట్టుకోవాలంటే ప్లేటులో ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఫ్రీజర్లో గట్టిపడ్డాక కవర్లో వేసుకోండి, వండేటప్పుడు కరగనీకుండా గడ్డగా ఉండంగానే మరిగే నీళ్లల్లో వేయాల. సైబీరియాలో అయితే ఫ్రీజరుతో పనేముంది, పెల్మెని చేసి బయట మంచులో పెట్టి గడ్డకట్టించుకునేవాళ్లు. మనం నెల్లూరు ఎండలో బయట పెడితే వడియాలవుతాయి. ఫ్రీజర్ని నమ్ముకున్నా కరెంటు ఎక్కువసేపు పోయిన రోజు మాత్రం చూసుకోండి, కరిగి మెత్తబడిన వాటిని మళ్లీ గడ్డకట్టించబాకండి, ఇంకా చల్లగా ఉంటేనే ఆ పూటే వండేయండి, లేకపోతే పారేయండి.

తినేటప్పుడు పైన రెండు చుక్కల వెనిగర్, మిరియాల పొడి, ఒక చెంచా పుల్లటి మీగడ. ఆ మీగడ ఇక్కడ దొరకదు, గట్టి పెరుగు గుడ్డలో వడేసి వాడుకోండి. మాంసంలో పెరుగేందని మొహం చిట్లించబాకండి, టర్కీవాళ్లు వాళ్ల మంతీ మీద వెల్లుల్లి కలిపిన పెరుగే పోసుకుంటారు, మనం బిర్యానీలోకి పెరుగుపచ్చడి కలుపుకోవట్లా?

ఇంక ఒక్కటే కొరత, పైన చల్లే సోయికూర, అదే ఇంగ్లీషులో డిల్ అంటారే ఆ ఆకు. కొత్తిమీర వేస్తే అది మళ్లీ మన ఎముకల పులుసు వాసనే వస్తాది. హైదరాబాదులో ఈ ఆకు గుట్టలు పోసి అమ్ముతారు, ఒంగోలు మార్కెట్లో అడిగితే సోయాబీన్ ప్యాకెట్ తీసి చేతిలో పెట్టారు. కావలి, కందుకూరు, ఒంగోలు, ఈ చుట్టుపక్కల యాడన్నా దొరకతాదని తెలిస్తే కింద రాయండి, పోయి తెచ్చుకుంటా.